ఎవరూ లెక్క రాయని పచ్చిక

అమెరికాలో పాత వస్తువుల వేలంపాటల్లో కొయ్య బాతులకు గిరాకీ ఎక్కువ. నిజం పక్షులను కిందికి దించడానికి వేటగాళ్లు నీళ్ల మీద వదిలిన దీమపు బాతులివి. వర్జీనియా రాష్ట్రంలో అట్లాంటిక్ ఒడ్డున ఉన్న కాబ్ దీవిలో చెక్కినవంటే సేకర్తలు ప్రాణం పెడతారు. అడుగున ‘ఎన్’ అనే అక్షరం చెక్కి ఉంటే అది నేథన్ కాబ్ జూనియర్ చేతి పని అని గుర్తు. ఆ కుటుంబం చెక్కిన పక్షుల్లో బాగా పేరొచ్చింది బ్రాంట్‌కి. నల్లని మెడ, చిన్న ముక్కు ఉన్న సముద్రపు బాతు అది. చలికాలం రాగానే ఉత్తర ధ్రువ ప్రాంతం నుంచి గుంపులుగా వచ్చి ఆ దీవుల వెనక దిగేది. అది అక్కడికి వచ్చేది నీటి అడుగున పెరిగే ఈల్‌గ్రాస్ అనే గడ్డి కోసం.

బాతుకు బొమ్మలు మిగిలాయి. బాతు మేసిన గడ్డి ఎంత మేర పెరిగేదో మాత్రం ఆ రోజుల్లో ఎవరూ కొలవలేదు, పటం గీయలేదు. అది పూర్తిగా నాశనమై, దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత మళ్లీ మొలిచాకే దానికి లెక్కలు మొదలయ్యాయి. ఇప్పుడు ప్రపంచంలో అంత శ్రద్ధగా లెక్కపెట్టే సముద్రపు గడ్డి మరెక్కడైనా ఉందంటే అనుమానమే.

వర్జీనియా తూర్పు తీరం సన్నని నేలనాలుక. దానికి పడమట చెసాపీక్ అఖాతం, తూర్పున అట్లాంటిక్ సముద్రం. సముద్రం వైపు హాగ్, కాబ్, రెక్, పారమోర్, స్మిత్ లాంటి ఇసుక దీవులు వరసగా కట్టలా నిలిచి ఉంటాయి. దీవులకూ నేలకూ మధ్య ఉన్నవి ఉప్పునీటి కయ్యలు. సౌత్ బే, కాబ్ బే, స్పైడర్ క్రాబ్ బే, హాగ్ ఐలండ్ బే అని వాటికి పేర్లు. లోతు చాలాచోట్ల ఒకటి రెండు మీటర్లే. చెప్పుకోదగ్గ నది ఏదీ వాటిలో కలవదు. ఈ చివరి మాట పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ కథలో నష్టానికీ లాభానికీ కూడా కారణం అదే.

ఈల్‌గ్రాస్ నాచు కాదు. వేరు, కాండం, ఆకు, పువ్వు, విత్తనం అన్నీ ఉన్న అసలు మొక్క. నీటిలోనే పూస్తుంది, పుప్పొడి నీటిలోనే ప్రయాణిస్తుంది. మన దేశంలో పాక్ జలసంధిలో, మన్నార్ సింధుశాఖలో, చిల్కాలో దీని దూరపు చుట్టాలున్నాయి. పాక్ తీరంలో దుగాంగులు మేసేది ఆ గడ్డినే. వాటి కోసం తమిళనాడు ప్రభుత్వం 2022లో 448 చదరపు కిలోమీటర్ల సంరక్షణ ప్రాంతాన్ని ప్రకటించింది. వర్జీనియాలో దుగాంగులు లేవు. వాటికి బదులు బాతులు, పీతలు, చేపపిల్లలు, స్కాలప్‌లు ఉండేవి.

స్కాలప్ అంటే విసనకర్రలాంటి రెండు చిప్పల మధ్య బతికే, ఆల్చిప్ప జాతి జీవి. దాని మాంసం అమెరికన్లకు ఇష్టం. కయ్యల్లో ఉండే రకం ఆయుష్షు ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్లు. పిల్ల స్కాలప్ సన్నని దారాలు విడిచి గడ్డి ఆకుకు అతుక్కుని, అడుగున తిరిగే పీతలకు అందకుండా పైన వేలాడుతుంది. బతుకులో దాదాపు ఒక్కసారే గుడ్లు పెట్టే జీవి ఇది. వరసగా రెండేళ్లు గడ్డి లేకపోతే వంశం అక్కడితో సరి.

ఆ దీవుల మీద ఒకప్పుడు ఊళ్లుండేవి. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ నుంచి పెద్ద నేథన్ కాబ్ 1830ల చివర్లో ఇటు వచ్చాడు. కొంత డబ్బు, కొన్ని బస్తాల ఉప్పు ఇచ్చి దీవిని కొన్నాడని స్థానికులు చెప్పుకుంటారు. ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకు కాపాడి కూలి తీసుకోవడం, పక్షులను వేటాడి నగరాలకు పంపడం ఆ కుటుంబం వృత్తి. తర్వాత వేటకొచ్చే ధనవంతుల కోసం హోటల్ కూడా కట్టారు. 1896 తుఫాను ఆ హోటల్‌ను తుడిచిపెట్టింది. హాగ్ దీవిలో బ్రాడ్‌వాటర్ అనే ఊరు ఇంకా పెద్దది. రెండు మూడు వందల మంది జనం, బడి, చర్చి, దీపస్తంభం ఉండేవి. అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ బాతుల వేటకు వచ్చింది ఆ దీవికే. ఆ ఊరి జనం చేపలు, ఆల్చిప్పలు, స్కాలప్‌లు పట్టేవాళ్లు. దీవులు అమ్మే సరుకులో చాలా భాగానికి నీటి అడుగు గడ్డే పెట్టుబడి. పెట్టుబడికి వడ్డీ అడిగేవాళ్లు లేరు కాబట్టి దాన్ని ఖాతా పుస్తకంలో ఎవరూ రాయలేదు.

గడ్డినే నేరుగా అమ్ముకున్న చోట్లూ ఉన్నాయి. కెనడాలోని నోవా స్కోషియా తీరంలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఈల్‌గ్రాస్‌ను ఎండబెట్టి బోస్టన్‌కు పంపేవారు. అక్కడ శామ్యూల్ కాబట్ కంపెనీ దాన్ని రెండు కాగితాల మధ్య పరిచి కుట్టి, ‘కాబట్స్ క్విల్ట్’ పేరుతో ఇళ్ల గోడల్లో చలి, చప్పుడు ఆపే పొరగా అమ్మింది. డెన్మార్క్‌లోని లేసో దీవిలో ఇళ్ల కప్పులు దీనితోనే వేసేవారు. ఇది త్వరగా కుళ్లదు, సులువుగా అంటుకోదు. డెన్మార్క్ వాళ్లు ఇంకో పని కూడా చేశారు. 1900 ప్రాంతంలో తమ జలాల్లోని గడ్డి విస్తీర్ణాన్ని అంచనా వేసుకున్నారు. సుమారు 6,700 చదరపు కిలోమీటర్లు తేలింది. చేపల పరిశ్రమకు ఆధారం ఈ గడ్డేనని అక్కడి శాస్త్రవేత్తలు నమ్మబట్టి ఆ లెక్క పుట్టింది. వర్జీనియాలో అలాంటి ఆలోచన ఎవరికీ రాలేదు.

తర్వాత రోగం వచ్చింది.

1930–33 మధ్య ఉత్తర అట్లాంటిక్‌కు రెండు వైపులా ఈల్‌గ్రాస్ ఆకుల మీద నల్లని మచ్చలు పుట్టాయి. మచ్చలు పాకి ఆకు రాలిపోయింది, వేళ్లు కుళ్లాయి. దీన్ని ‘క్షయ రోగం’ అన్నారు. ఆ సముద్రంలో ఉన్న గడ్డిలో దాదాపు 90 శాతం పోయిందని అంచనా. దోషి లాబిరింథులా అనే ఏకకణ జీవి అని 1930ల్లోనే అనుమానించారు. ఆ రకానికి శాస్త్రీయంగా పేరు పెట్టింది మాత్రం 1991లో. ఈ జీవికి ఉప్పు ఎక్కువున్న నీరు ఇష్టం. నదులు కలిసి ఉప్పు తగ్గిన చోట్ల గడ్డి ప్రాణం దక్కించుకుంది. చెసాపీక్ అఖాతంలో కొంత మిగలడానికి కారణం అదే. దీవుల వెనక కయ్యల్లో నది లేదు, తలదాచుకునే చోటూ లేదు. మిగిలిన కొద్దిపాటి గడ్డిని 1933 ఆగస్టు 23న వచ్చిన పెను తుఫాను పెళ్లగించింది.

ఆ దెబ్బతో కయ్యల్లో స్కాలప్ పట్టే వృత్తి ఆగిపోయింది. బ్రాంట్ బాతుల సంఖ్య దారుణంగా పడిపోయింది. బతికినవి సముద్రపు పాలకూర అనే నాచు తినడం అలవాటు చేసుకున్నాయి. ఇంకా ఉత్తరాన, లాబ్రడార్ నుంచి లాంగ్ ఐలండ్ దాకా, ఈల్‌గ్రాస్ ఆకు మీద మాత్రమే బతికే ఒక చిన్న నత్త ఉండేది. తక్కువ ఉప్పు నీటిని అది ఓర్చుకోలేదు. గడ్డి మిగిలిన చోట అది బతకలేకపోయింది, అది బతకగలిగిన చోట గడ్డి లేకుండా పోయింది. చారిత్రక కాలంలో ఒక మహాసముద్రం నుంచి పూర్తిగా అంతరించిందని తేలిన తొలి వెన్నెముక లేని జీవిగా దాన్ని 1991లో గుర్తించారు. పోయి అప్పటికి అరవై ఏళ్లు! మ్యూజియం సీసాల్లో ఉన్న పాత నమూనాల తేదీలు చూస్తే తప్ప అది లేదన్న సంగతే ఎవరికీ తెలియలేదు.

బ్రాడ్‌వాటర్ జనం 1933 తుఫాను తర్వాత మూటాముల్లె సర్దుకోవడం మొదలుపెట్టారు. 1936లో మరో తుఫాను వచ్చి మిగతా వాళ్ల ధైర్యమూ కుంగదీసింది. ఇళ్లను విప్పకుండా బల్లకట్ల మీద ఎక్కించి నేల మీది ఊళ్లకు తరలించారు. విల్లిస్ వార్ఫ్, ఆయిస్టర్ అనే ఊళ్లలో ఆ ఇళ్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. 1940ల మొదటికి దీవి ఖాళీ. జనం వెళ్లింది సముద్రం కోతకు భయపడి, గడ్డి పోయినందుకు కాదు. అయినా వేట, స్కాలప్ రెండూ పోయిన చోట కోతను ఎదిరించి నిలవడానికి వాళ్లకు కారణం మిగల్లేదని అనుకోవచ్చు.

తర్వాత ఆరు దశాబ్దాల పైచిలుకు ఆ కయ్యల అడుగు బోడిగానే ఉంది. నీళ్లు పాడయ్యాయేమో, బురద ఎక్కువైందేమో అని ఎవరైనా అనుకుంటారు. చెసాపీక్‌లో నిజంగానే అలా జరిగింది. పొలాల ఎరువులు, నగరాల మురుగు చేరి నీరు మసకబారి, వెలుతురు అందక గడ్డి తగ్గింది. కయ్యల సంగతి వేరు. నది లేదు కాబట్టి ఎరువు కూడా తక్కువే. పైగా 1970 ప్రాంతం నుంచి నేచర్ కన్సర్వెన్సీ అనే సంస్థ ఆ దీవులను ఒక్కొక్కటిగా కొని, వంతెనలు, రిసార్టులు రాకుండా ఆపింది. 1979లో యునెస్కో ఆ ప్రాంతాన్ని జీవావరణ రిజర్వుగా గుర్తించింది. 1987లో వర్జీనియా విశ్వవిద్యాలయం అక్కడ దీర్ఘకాల పరిశోధన మొదలుపెట్టింది. నీరు, నేల, వెలుతురు అన్నీ ఉన్నాయి. గడ్డి మాత్రం లేదు.

లేనిది విత్తనం. వర్జీనియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెరైన్ సైన్స్‌లో పనిచేసిన రాబర్ట్ ఆర్థ్ బృందం చెసాపీక్ వైపు యార్క్ నదిలో విత్తనాలు చల్లి చూసి, 1994లో ఫలితం ప్రకటించింది. చల్లిన చోటికి కొద్ది మీటర్ల లోపే మొలకలు వచ్చాయి. విత్తనం నీటికన్నా బరువు. పడ్డచోటే బురదలో కూరుకుంటుంది. విత్తనాలున్న కాడ తెగి తేలితే దూరం పోవచ్చు గానీ, అటువైపు గడ్డి నుంచి దీవులు చుట్టి, సముద్రం మీదుగా ఇటు కయ్యలోకి రావాలంటే అదృష్టం ఉండాలి. 1990ల చివర్లో ఆ అదృష్టం కాస్త తగిలింది. సౌత్ బేలో చిన్న గడ్డి చెలక ఒకటి కంటబడింది. అంటే ఇక్కడ మొక్క బతుకుతుందన్నమాట. ఇంకేం, 1999లో విత్తడం మొదలైంది.

ఆ వ్యవసాయానికి ఒక పంచాంగం ఉంది. మే, జూన్ నెలల్లో గడ్డి గింజ పట్టిన కాడలు వేస్తుంది. ముఖానికి మాస్కు, నోట్లో ఊపిరి గొట్టం పెట్టుకున్న మనుషులు బోర్లా తేలుతూ ఆ కాడలను ఒక్కొక్కటిగా కోసి సంచుల్లో వేస్తారు. వాళ్లలో చాలామంది స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. ఆ కాడలను పారే సముద్రపు నీళ్లున్న తొట్లలో వదిలితే వేసవి గడిచేలోగా ఆకు కుళ్లి గింజ రాలుతుంది. బియ్యపు గింజకన్నా చిన్నది. గట్టిగా ఉండి వేగంగా మునిగేది మంచి గింజ, మెత్తగా ఉండి తేలిపోయేది తాలు. సెప్టెంబరు, అక్టోబరుల్లో పడవ మీద నిలబడి వాటిని చేత్తో చల్లుతారు. నీరు చల్లబడ్డాక, నవంబరు ప్రాంతంలో మొలకెత్తుతాయి. నూటికి పదికి మించి మొక్కలు కావు. అందుకే గింజలు లక్షల్లో, కోట్లలో కావాలి.

2010 నాటికి 3.78 కోట్ల గింజలను 125 హెక్టార్లలో చల్లారు. గడ్డి 1,714 హెక్టార్లకు పాకింది. మొదట్లో మనుషులు విత్తిన మడులే కనిపించేవి. కొన్నేళ్లకు ఆ మడుల గింజలు పక్కన మొలిచి, మడికీ మడికీ మధ్య హద్దులు చెరిగిపోయాయి. 2020 అక్టోబరులో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రిక ఇరవై ఏళ్ల ఫలితాన్ని ప్రచురించింది. అప్పటికి చల్లినవి 7 కోట్లకు పైగా, తిరిగొచ్చిన పచ్చిక 3,612 హెక్టార్లు. అంటే 36 చదరపు కిలోమీటర్లు.

ఈ అంకె చివర ఆ 12 ఎలా తెలిసింది? ఏటా విమానం ఎగరేసి. వర్జీనియా ఇన్‌స్టిట్యూట్ 1984 నుంచి దాదాపు ప్రతి ఏడూ చెసాపీక్, తీర కయ్యల మీదుగా ఫొటోలు తీయిస్తోంది. దీనికి పెళ్లి ముహూర్తం పెట్టినంత తంటా. పాటు సమయం అయి ఉండాలి. సూర్యుడు నడినెత్తిన ఉంటే నీటి మీద తళతళ వచ్చి ఫొటో పాడవుతుంది కాబట్టి ఎండ ఏటవాలుగా పడాలి. గాలి ఉండకూడదు, ముందు రోజుల్లో వాన కురిసి నీరు కలక బారి ఉండకూడదు, మబ్బు నీడ పడకూడదు. గడ్డి నిండుగా పెరిగిన వారాల్లోనే ఇవన్నీ కలిసిరావాలి. ఫొటోల్లో కనబడ్డ ప్రతి చెలకకూ హద్దు గీసి, ఆకు ఎంత దట్టంగా ఉందో చూసి నాలుగు తరగతుల్లో ఒకదాంట్లో వేస్తారు. 10 శాతం లోపు, 10–40, 40–70, ఆపైన.

ఈ పటానికి లోపాలు లేకపోలేదు. పైనుంచి చూస్తే నాచూ నల్లగానే ఉంటుంది, గడ్డీ నల్లగానే ఉంటుంది. పలచగా మొలిచిన కొత్త మొక్కలు కనబడనే కనబడవు. అందుకని పడవల మీద వెళ్లి తనిఖీ చేస్తారు. నీటిలోకి దిగి చట్రం పెట్టి అందులో కాడలు లెక్కిస్తారు, బురదలోకి గొట్టాలు దించి మట్టిని పైకి తీసి కర్బనం చూస్తారు. విమానం చెప్పేది విస్తీర్ణం. ఆ గడ్డి ఆరోగ్యం తెలియాలంటే ఒళ్లు తడవాల్సిందే. ఈ రెండో పనికి పత్రికల్లో పేరు రాదు, పని మాత్రం దానిదే ఎక్కువ.

2015 జూన్‌లో ఆ సంగతి రుజువైంది. ఆ నెలలో నీరు అసాధారణంగా వేడెక్కింది. వర్జీనియా ఈల్‌గ్రాస్‌కు 28–29 డిగ్రీలు దాటితే తిండి తయారీకన్నా శ్వాసకే ఖర్చు ఎక్కువవుతుంది. సౌత్ బే మధ్య భాగంలో దాదాపు 90 శాతం కాడలు చచ్చిపోయాయి. ఏటా అక్కడే చట్రాలు పెట్టి లెక్కిస్తూ ఉండబట్టి ఎంత పోయింది, ఎప్పుడు పోయిందన్నది కచ్చితంగా పట్టుకోగలిగారు. అడుగు మట్టిలో పేరుకున్న కర్బనంలో ఐదో వంతు కూడా తగ్గినట్టు తేలింది. మూడు నాలుగేళ్లలో గడ్డి దట్టంగా తిరిగొచ్చింది. ఈసారి పక్కన విత్తనం ఉంది, 1933లో లేదు. తేడా అంతే. కానీ వేడి ఏడు విడిచి ఏడు వస్తే ఈ మాత్రం గడువు కూడా దొరకదు. ఈ మొక్క అమెరికా తూర్పు తీరంలో పెరిగే దక్షిణపు అంచు ఉత్తర కరోలినా. వర్జీనియా దానికి పక్కనే ఉంది.

ఇప్పుడు ఆ కయ్యల ఖాతాలో రాసే పద్దులు వేరు. ఏడాదికి సుమారు 3,000 టన్నుల కర్బనం మట్టిలో చేరుతోందని, 600 టన్నులకు పైగా నత్రజని నీటిలోంచి తొలగుతోందని 2020 అధ్యయనం చెప్పింది. కాబ్ కుటుంబం రోజుల్లో విలువ కట్టింది పడవకెక్కించి బయటికి పంపినదానికి. ఇప్పుడు కడుతున్నది లోపల నిలిచినదానికి. కర్బనాన్ని క్రెడిట్లుగా అమ్మే ప్రయత్నమూ మొదలైంది. దీని మీద మరీ ఆశలు పెట్టుకోనక్కర్లేదు. 3,000 టన్నుల కర్బనమంటే 11,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్. తలకు ఏడాదికి 15 టన్నుల చొప్పున వదిలే అమెరికన్లలో ఏడెనిమిది వందల మంది లెక్క అది. ఒక చిన్న ఊరికి కూడా చాలదు. ఈ గడ్డి గొప్పతనం వాతావరణాన్ని రక్షించడంలో లేదు. ఒక బోడి అడుగులో చేపపిల్లలకు, పీతలకు చోటివ్వడంలో ఉంది.

స్కాలప్‌లు కూడా తిరిగొచ్చాయి, మనుషులు తెస్తేనే. ఉత్తర కరోలినా నుంచి తల్లి స్కాలప్‌లను తెచ్చి, హ్యాచరీలో పిల్లలను పెంచి, పచ్చిక మధ్య వదిలారు. ఇప్పుడు అవి కయ్యల్లో సొంతంగా పిల్లలను పెడుతున్నాయి. ఏటా వాటికీ లెక్కింపు ఉంది. అయితే తీరం ఇప్పుడు బతుకుతున్నది స్కాలప్ మీద కాదు, క్లామ్ అనే గట్టి చిప్పల పెంపకం మీద. దేశంలో వాటి సాగుకు వర్జీనియా పెట్టింది పేరు. అడుగు భూమిని ప్రభుత్వం నుంచి కౌలుకు తీసుకుని, వలలు కప్పి పెంచుతారు. గడ్డి పాకే చోటూ, క్లామ్ పెరిగే చోటూ ఒకే లోతులో ఉన్నాయి. గడ్డి కౌలు హద్దులు చూసి ఆగదు. ఇక ఏటా గీసే పటం పర్యావరణ ప్రేమికులకే కాదు, కౌలుదారులకూ, వాళ్ల వకీళ్లకూ అవసరమైన కాగితం. 1900 నాటి పటమొకటి ఉండి ఉంటే ఎవరి హక్కు పాతదో తేల్చడం కొంత సులువయ్యేది.

వాషింగ్టన్ చుట్టుపక్కల ఉత్తర వర్జీనియాలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వర్జీనియా బీచ్‌కు వెళ్లి, అక్కడి నుంచి చెసాపీక్ మీది పొడవాటి వంతెన–సొరంగం దాటి, సరదాగా తూర్పు తీరానికి కారు తోలేవాళ్లూ వారిలో ఉన్నారు. వంతెన దిగాక కొద్ది మైళ్లలో కుడివైపు ఆయిస్టర్ రేవు వస్తుంది. సౌత్ బేకి పడవలు బయల్దేరేది అక్కడి నుంచే. ఏ ఏడు పటం కావాలన్నా ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వసంతంలో గింజల కాడలు కోయడానికి మనుషులను పిలుస్తూ వచ్చారు. ఈత వచ్చి, చల్లని నీళ్లకు ఓర్చుకునే ఒళ్లుంటే చాలు. ఆసక్తి ఉన్నవాళ్లు ముందే కబురు పెట్టుకుని వెళ్లండి, పాటు ఎన్ని గంటలకో కనుక్కుని మరీ బయల్దేరండి.